సిపాయి బలవన్మరణము – సేనల విచారణ

హేడ్రియన్ చక్రవర్తి క్రీ. శ. 117 నుండి 138 వరకు రోమక సామ్రాజ్యము నేలెను. తన ప్రాణము తానే తీసికొనబోయి, ఎట్లో బ్రతికి బయటపడిన సిపాయిని ఏమి చేయవలెనను ప్రశ్న ఆయన కాలమున వచ్చెను. రాజ్యమునకు ప్రమాణము చేసి పటాలములో చేరినవాడు తన ప్రాణమునకు తాను యజమాని కాడు. అట్టివాడు చావ యత్నించుట కొలువునుండి పారిపోవుట వంటిదే యని సేనానులు తలచిన తలచవచ్చును. చక్రవర్తి యుత్తరువు మాత్రము శిక్షకు ముందు కారణము తెలిసికొనుమని చెప్పినది. బాధ ఓర్వలేక చేసెనా, జీవితముపై విసుగుచే చేసెనా, రోగముచేతనా, ఉన్మాదముచేతనా, సిగ్గుచేతనా? వీనిలో ఏదైనను కనబడినచో వానిని చంపరాదు. అవమానముతో కొలువునుండి తొలగింపవలెను. ఏ కారణమును కనబడనిచో మరణశిక్ష. త్రాగిన మైకమున గాని, ఆకతాయితనమున గాని చేసినయెడల ప్రాణము నిలిపి వేరొక దళమునకు మార్చవలెను.

చావబోయినవానికి చావునే శిక్షగా విధించుట మనకు వింతగా తోచును. అయినను ఒక పటాలము తన సిపాయి మనస్సులోనికి తొంగి చూడవలసి వచ్చిన సందర్భములలో ఇది మిక్కిలి పురాతనమైనది. జస్టీనియన్ చక్రవర్తి 533లో వెలువరించిన ధర్మసంపుటిలో చేరినందున ఇది మనకు దక్కినది. అదే సంపుటిలో చనిపోయిన సిపాయిని గూర్చిన మాటయు కలదు. ప్రాణము తీసికొన్న సిపాయి వ్రాసిన వీలునామా చెల్లునా, చెల్లదా? హేడ్రియన్ పాంపోనియస్ ఫాల్కోకు వ్రాసిన లేఖలో దీనికి సమాధానమున్నది. సైనికాపరాధ మొకటి చేసి, ఆ తప్పు మనస్సును తొలుచుచుండగా చనిపోయినచో వీలునామా చెల్లదు. విసుగుచే గాని బాధచే గాని చనిపోయినచో చెల్లును. వీలునామా లేకున్న ఆస్తి బంధువులకు పోవును. బంధువులును లేకున్న వాని దళమునకే చెందును.

ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఒకచోట శిక్ష నిర్ణయించుటకు, ఇంకొకచోట ఆస్తి పంచుటకు కారణమును వెదకినారు. సమాధానముతో ఏమి చేయదలచిరో దానినిబట్టియే ప్రశ్న తయారైనది. తరువాతి కాలపు విచారణలను గూడ ఈ ప్రశ్నతోనే పరిశీలింపదలచితిని: అడిగినవారికి ఆ సమాధానముతో ఏమి పని?

మధ్యయుగముల ఇంగ్లండులో ఈ పని ముఖ్యముగా ఖజానాదే. బలవన్మరణము నేరము గనుక, నేరస్థుని చరాస్తి రాజునకు పోయెడిది. కరోనరు జూరీని కూర్చుండబెట్టి, మృతుడు మతి స్థిమితముగా నుండి చేసెనా, మతి చెడి చేసెనా అని అడిగెడివాడు. భార్యాబిడ్డల ముఖము చూచి జూరీవారు మతి చెడినదని చెప్పుట రానురాను పరిపాటి యయ్యెను. నాలుగుబాటల కూడలిలో పాతిపెట్టు అనాచారము 1823లోను, ఆస్తి జప్తు 1870లోను తొలగిపోయినవి. నేరమను మాట 1961 వరకు చట్టమున నిలిచియే యున్నది. జూరీవారి ఆ దయార్ద్రమైన అబద్ధమును తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు గాని, దానివలన లెక్కలు చెడిపోయిన మాట నిజము.

ఫ్రాన్సులో నెపోలియన్ ఈ విషయమును ఒక్క ఉత్తరువుతో ముగింపజూచెను. 1802 మే నెలలో ఆయన అంగరక్షక దళమునకు చెందిన ఒక గ్రెనడియరు ప్రేమ విఫలమై ప్రాణము తీసికొనెను. ఆ దళములో నెల దినములలో అది రెండవది. అప్పటికి ప్రథమ కాన్సలుగా నున్న నెపోలియన్, మనోవేదనను సహించుట ఫిరంగుల యెదుట నిలుచుటవంటిదే యనియు, దానికి లొంగి మరణించుట గెలుపోటములు తేలకముందే రణభూమిని విడిచిపోవుట యనియు భావము వచ్చునట్లు దళమునకు ఆజ్ఞాపత్రము చదివించెను. దీనిని ధైర్యవచన మనవచ్చునేమో గాని విచారణ యనలేము. నెలలో ఇద్దరెందుకు పోయిరను ప్రశ్నకు అందులో తావు లేదు.

ఆ ప్రశ్నకు తావు కల్పించినవారు లెక్కలు వ్రాయువారు. 1830 దశకపు చివర బ్రిటిషు సేనలో వైద్యుడు హెన్రీ మార్షల్, సేనాధికారి అలెగ్జాండర్ టులక్ కలిసి, ఏ దేశమున ఏ పటాలములో ఎందరు దేనివలన చనిపోవుచున్నారో పట్టికలు వేయ నారంభించిరి. వారి దృష్టి ముఖ్యముగా జ్వరములమీద. పట్టికయంటూ ఏర్పడిన పిమ్మట అందులో ప్రతి మరణమునకును ఒక గడి ఏర్పడును గదా! 1874లో లండను గణాంక సంఘపు పత్రికలో, 1862 నుండి 1871 వరకు స్వదేశమునను విదేశములందును బ్రిటిషు పటాలములలో జరిగిన ఆత్మహత్యల లెక్క ప్రత్యేకముగా వెలువడినది.

అమెరికా అంతర్యుద్ధపు లెక్కలలో ఉత్తరపు సేనకు సుమారు 3,60,000 మరణములు వ్రాసియున్నవి. అందులో ఆత్మహత్యల గడిలో 391. దాని సమీపముననే నీట మునిగినవారు 4,944 అని యున్నది. మునిగిన ఆ దాదాపు అయిదువేలమందిలో కాలు జారినవారెవరో, కావలెనని దిగినవారెవరో నేడు ఎవరు వేరుచేయగలరు? ఆ గడిని నింపిన గుమాస్తాకు ఇల్లుచేరవలసిన జాబు, ముట్టవలసిన పింఛను, పటాలపు పరువు అన్నియు తెలిసియే యుండును.

ఈ పట్టికలన్నింటిని ముందు పెట్టుకొని కూర్చున్నవాడు ఫ్రెంచి సమాజశాస్త్రజ్ఞుడు ఎమీల్ దుర్కైమ్. ఆయన 1897లో ప్రకటించిన ఆత్మహత్యా గ్రంథములో సేనలకు ప్రత్యేకభాగ మున్నది. ఆస్ట్రియాలో 1876 నుండి 1890 వరకు పది లక్షల సైనికులకు ఏటికి 1,253 చొప్పున ఆత్మహత్యలు. అదే వయస్సు పౌరులలో 122. అనగా పది రెట్లు. ఇటలీలో 407కు 77. ఫ్రాన్సులో 333కు 265. ఎక్కడ చూచినను సైనికులదే పైచేయి. ఎంత అధికమన్నదే దేశమునకు దేశమునకు భేదము.

దీనికి లోకులు చెప్పు కారణములు అప్పుడును ఇప్పుడును ఒక్కటే: బ్రహ్మచర్యము, త్రాగుడు, కొలువుమీది ఏవగింపు. దుర్కైమ్ ఒక్కొక్కదానినే తీసికొని లెక్కలకు తగిలించి చూచెను. బ్రహ్మచర్యమే కారణమైనచో అదే వయస్సు అవివాహిత పౌరులలోను అంతే యుండవలెను, లేదు. త్రాగుడును చాలిన కారణముగా తేలలేదు. కొలువుమీది ఏవగింపు అన్నదే పెద్ద వాదము. క్రొత్తగా వచ్చిన రిక్రూటుకు ఇల్లు జ్ఞప్తికి వచ్చును, కవాతు కఠినముగా నుండును. కావున మొదట ఎక్కువగా నుండి, అలవాటైన కొలది తగ్గవలెను. లెక్కలు దీనికి విరుద్ధముగా చెప్పినవి. కొలువు పెరిగిన కొలది మరణములు పెరిగినవి. గడువు ముగిసినను మరల తమంత తాము చేరినవారిలోను, హవల్దారు మొదలగు చిన్న అధికారులలోను, పెద్ద అధికారులలోను, ఏరి కూర్చిన మేలి దళములలోను అధికము. సైన్యమును ద్వేషించినవారికంటె దానిని ఒంటబట్టించుకొన్నవారే ఎక్కువగా పోవుచుండిరి.

తన ప్రాణమునకు విలువ కట్టరాదని నేర్పు శిక్షణ ఒక్క శత్రువు యెదుటనే పనిచేసి, గది తలుపు మూసికొన్నప్పుడు మానుకొనునా అని దుర్కైమ్ వాదము. ఒక మందలింపు, సెలవు నిరాకరణ, తప్పిపోయిన పదోన్నతి చాలును. హేడ్రియన్ పట్టికలోని ‘సిగ్గు’ అను గడి మరల కనబడినది. ఈ వాదమున బలమున్నది, లోపమును ఉన్నది. దుర్కైమ్ చూచినవి గడులు మాత్రమే. ఏ పటాలములో ఏ హవల్దారు ఏ రిక్రూటును ఎట్లు హింసించెనో ఆ గడులలో పడదు. అది ఇంకొక త్రోవన బయటకు వచ్చినది. 1892 జనవరిలో జర్మను సోషలిస్టు పత్రిక ‘ఫోర్వెర్ట్స్’, సాక్సనీ రాజకుమారుడు గేయార్గ్ తన అధికారులకు రహస్యముగా పంపిన ఆజ్ఞను సంపాదించి అచ్చువేసెను. సైనికులమీద జరుగుచున్న దౌర్జన్యములు అందులో ఒప్పుకొనబడినవి. ఔగుస్ట్ బేబెల్ దానిని చేతబట్టి జర్మను శాసనసభలో నిలదీసెను. సేన తనను తాను విచారించుకొన్నది నిజమే గాని, ఆ మాట లోకమునకు తెలియుటకు ఇంకొకరు కావలసివచ్చెను.

ప్రపంచయుద్ధములు వచ్చిన పిమ్మట మరణములు కొండలై పెరిగి, ఈ ప్రశ్న కొంతకాలము అడుగున పడినది. ఒక్క సంగతి చెప్పి దాటుదును. 1917లో ఏర్పడిన సామ్రాజ్య యుద్ధసమాధుల సంఘము, కొలువులో నుండి మరణించిన వారందరకు, మరణకారణము అడుగకుండ, ఒకే తీరు రాయి నాటెను. హోదా, పేరు, పటాలపు గుర్తు, తేది దానిపై కనబడును. విచారణ చేయకుండుటయు ఒక్కొక్కప్పుడు మర్యాదయే.

1958 ప్రాంతమున లాస్ ఏంజెల్స్ కౌంటీ కరోనరు, కొన్ని మరణములు ప్రమాదములో ఆత్మహత్యలో తేల్చుకొనలేక, ష్నైడ్‌మన్, ఫార్బెరో అను మనశ్శాస్త్రజ్ఞులను పిలిచెను. వారు మృతుని బంధువులను, స్నేహితులను కలిసి, అతని కడపటి దినములను మరల కూర్చిచూచు పద్ధతి నేర్పరచిరి. దీనికి మానసిక శవపరీక్ష యని పేరు వచ్చినది. శరీరమునకు బదులు జీవితమును పరీక్షించుట. మంచి పద్ధతియే. కాని చనిపోయినవాడు తిరిగి సమాధానము చెప్పడు గనుక, ముందే ఒక నిర్ణయమునకు వచ్చినవాని చేతిలో ఇది ప్రమాదకరము. అది ఎట్టిదో ‘అయోవా’ నౌక చూపినది.

1989 ఏప్రిల్ 19న, ప్యూర్టోరికో సమీప సముద్రమున, అమెరికా యుద్ధనౌక అయోవాలో రెండవ ఫిరంగి బురుజు ప్రేలి 47 మంది నావికులు మరణించిరి. నౌకాదళము విచారణ నడిపి, సెప్టెంబరులో తన నిర్ణయమును ప్రకటించెను: మధ్యఫిరంగిని నడుపు నావికుడు చావదలచి కావలెననియే ఇది చేసెను, తనతోపాటు 46 మందిని తీసికొనిపోయెను. ఆధారములేవి? అతడు తన భీమాసొమ్ము స్నేహితుని పేర వ్రాసినాడు. ఒంటరి స్వభావము గలవాడన్నారు. కేంద్ర నేరపరిశోధక శాఖ వారు అతని జాబులు, తోటివారి మాటలు చదివి, మృతుని ముఖమెన్నడును చూడకయే, ఇది అతని పనియేయని వ్రాసియిచ్చిరి. ఫిరంగిగొట్టములో కనబడిన రసాయనపు జాడలు ప్రేలుడు సాధనమువని చెప్పబడెను.

కుటుంబము ఒప్పుకొనలేదు. అమెరికా కాంగ్రెసు విచారణకు పూనుకొనగా, దాని కోరికపై నేరపరిశోధకుల నివేదికను చదివిన మనశ్శాస్త్రజ్ఞులలో పెక్కుమంది దానిని తప్పుపట్టిరి. శాండియా జాతీయ ప్రయోగశాలవారు లోహమును, మందును పరీక్షించిరి. గొట్టములోని జాడలు ఫిరంగిని తుడుచు ద్రవ్యములనుండియు, సముద్రపు నీటినుండియు రాదగినవే యని తేలెను. మందుసంచులను మితిమీరిన వేగముతో లోనికి నెట్టినచో వాటంతట అవి అంటుకొనవచ్చునని 1990లో పరీక్ష చేసి చూపిరి. 1991 అక్టోబరులో నౌకాదళాధిపతి అడ్మిరల్ కెల్సో, ప్రేలుడునకు కారణము నిర్ధారణ కాలేదనియు, ఆ నావికుడే చేసెననుటకు సాక్ష్యము చాలదనియు చెప్పి, ఆ కుటుంబమునకు క్షమాపణ చెప్పెను. రెండు సంవత్సరములకు పైగా ఒక తల్లి, ఒక తండ్రి, నలువదియారుగురిని చంపినవాని కన్నవారుగా లోకములో తిరిగిరి. పాత ఫిరంగి, పాత మందు, కొరవడిన శిక్షణ – వీనిపై ప్రశ్న పడకుండుటకు ఒక మనిషి చావుకోరిక ఎంత అనువైన సమాధానమో చూడుడు.

ఇంగ్లండులో ఇదే తప్పు తలక్రిందుగా జరిగినది. సర్రే మండలములోని డీప్‌కట్ బ్యారక్కులలో 1995కును 2002కును నడుమ నలుగురు పిన్నవయస్కులైన రిక్రూట్లు తుపాకిగుండు తగిలి మరణించిరి. అందరును ఇరువది యేండ్లవారు, లేక అంతకు చిన్నవారు. ప్రతిసారియు ఆత్మహత్యయేనన్న ఊహతో పని మొదలైనది. ఊహ ముందే యున్నచోట సాక్ష్యములను భద్రపరచుటకు, తోటివారిని శ్రద్ధగా ప్రశ్నించుటకు తొందర యెవరికి? తలిదండ్రులు పోరాడిరి. న్యాయవాది నికొలస్ బ్లేక్ 2006లో సమర్పించిన నివేదికలో, ఇవి బహుశః స్వయంకృతములే యని చెప్పుచునే, అచ్చటి వేధింపులను, పర్యవేక్షణలేమిని బయటపెట్టెను. సైనికుల ఫిర్యాదులు వినుటకు సేనకు వెలుపలి కమిషనరు 2008లో ఏర్పడుట దాని ఫలితమే.

తరువాత ఉన్నతన్యాయస్థానము అనుమతిపై ముగ్గురి విషయమున క్రొత్తగా శవపంచాయతీలు జరిగినవి. 2016, 2018, 2019 – మూడింటను ఆత్మహత్యయనియే తీర్పు. మొదట అన్నదే చివరకు తేలినది గదా, ఇంత శ్రమ ఎందుకని అడుగువారుందురు. మొదటిసారి ఆ మాట తలుపు మూయుటకు వాడినారు. ఇరువదియేండ్ల తరువాత అదే మాట, ఆ బ్యారక్కులలో పిల్లలను ఎట్లు చూచిరి, రాత్రివేళ తుపాకి చేతికిచ్చి ఒంటరిగా పహరాకు ఎట్లు నిలిపిరి అన్నదంతయు విచారించిన పిమ్మట వచ్చినది. కన్నవారికి ఈ రెండు మాటలు ఒక్కటి కావు.

ఈ శతాబ్దమున విచారణకు మూడవ ప్రయోజనము ముందుకు వచ్చినది: రాబోవు మరణమును ఆపుట. 2003 వేసవిలో ఇరాకులోని అమెరికను పటాలములలో ఆత్మహత్యలు పెరుగగా, పన్నెండుమంది మానసిక వైద్యనిపుణుల బృందమును యుద్ధభూమికే పంపిరి. పోరు నడుచుచుండగా అట్టి బృందము వెళ్ళుట అదే మొదటిసారి. 2009లో జాతీయ మానసికారోగ్య సంస్థతో కలిసి 16 లక్షలకు పైబడిన సైనికుల దస్త్రములను పరిశీలించు పెద్ద పరిశోధన ఆరంభమైనది. యుద్ధముచూచి మనసు చెదరి చనిపోవుచున్నారని అందరును అనుకొనుచుండిరి. కాని యుద్ధమునకు పోనివారిలోను ఆ సంఖ్య పెరిగినట్లు 2014లో తేలెను. అంతకుముందు 2013లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన, 1,51,560 మందిని ఏండ్లతరబడి గమనించి, వారిలో ప్రాణము తీసికొన్న 83 మంది విషయమున యుద్ధానుభవముకంటె మానసిక కుంగుబాటు, త్రాగుడు వంటివే ప్రధానముగా కనబడినవని చెప్పినది. లోకప్రసిద్ధమైన కారణమును లెక్క త్రోసిపుచ్చుట దుర్కైమ్ నాటినుండియు జరుగుచున్నదే.

ఇజ్రాయెలు సేన కారణములను త్రవ్వుట కొంత ప్రక్కనబెట్టి, మరణములు ఎప్పుడు, ఎక్కడ జరుగుచున్నవని అడిగెను. వారాంతపు సెలవులో ఇంటికి పోవు యువసైనికులు తుపాకులు వెంట తీసికొనిపోవుచుండిరి. 2006లో ఆ అలవాటును తగ్గించిరి. ఆయుధము బ్యారక్కులోనే యుండును. ఆత్మహత్యలు సుమారు 40 శాతము తగ్గినట్లు 2010లో ప్రకటించిరి. తగ్గినది వారాంతములందే, తక్కిన దినములలో మార్పు లేదు. ఎవరి మనస్సులోనికిని తొంగిచూడకుండ ఇందరిని బ్రతికించిన విచారణ వేరొకటి నాకు కనబడలేదు. ఆ గడియ దాటిన మనిషి తరచు బ్రతుకుననుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్య మేమి కావలెను?

మన దేశమున జవాను మరణించినప్పుడు పోలీసు పంచనామాతోపాటు, 1954 నాటి సైనిక నియమముల ప్రకారము ‘కోర్టు ఆఫ్ ఎంక్వయిరీ’ కూర్చుండును. పేరు కోర్టే గాని అది శిక్ష వేయదు. అధికారులు సాక్ష్యము చేకూర్చి నివేదించురు. రక్షణశాఖ పార్లమెంటుకు ఇచ్చిన సమాధానములలో తరచు కనబడు కారణములు కుటుంబ కలహములు, దాంపత్యపు పొరపొచ్చెములు, అప్పులు, మానసిక ఒత్తిడి. ఊరిలో పొలపు గట్టు తగవు వేలమైళ్ళ దూరమున పహరాకాయు మనిషిని ఎట్లు తినివేయునో జవానులున్న యిండ్లవారికి చెప్పనక్కరలేదు. కాని అన్ని కారణములు ఇంటివైపునే యున్నవా, సెలవు దొరకకుండుట, పైవారి మాటతీరు వంటివి నివేదికలో నెంతవరకు చేరుచున్నవి అని అడుగుట న్యాయమే. పార్లమెంటు రక్షణ స్థాయీసంఘము 2008లో సేనలలో మానసిక ఒత్తిడిని గూర్చి ప్రత్యేక నివేదిక సమర్పించెను.

విచారణతో ముడిపడిన మరియొక మాట పింఛను. మరణము కొలువువలన కలిగినదా, కొలువువలన తీవ్రమైనదా, లేక దానికి సంబంధము లేనిదా? ఒక్క వాక్యముపై వితంతువునకు వచ్చు మొత్తము మారును. 2009 నుండి పనిచేయుచున్న సాయుధదళముల ట్రిబ్యునలు ఇట్టి తగవులను వినుచున్నది. మన తెలుగునాడు చెన్నై బెంచి పరిధిలోనిది. హేడ్రియన్ ఫాల్కోకు వ్రాసిన వీలునామా ప్రశ్నయే ఇది, వేషము మార్చుకొని వచ్చినది.

చావబోయి బ్రతికిన జవానును శిక్షించు నిబంధన 1950 నాటి సైనిక శాసనము, 64వ విభాగమున వ్రాయబడినది. పౌరుల విషయమున చట్టము మారినది. 2017 మానసికారోగ్య చట్టము, అట్టివాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నట్లే భావింపవలెననియు, శిక్షింపరాదనియు చెప్పెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన న్యాయసంహితలో పాత 309వ విభాగము లేనేలేదు. మనసు కుంగినవారికి ఫోనులో సలహా చెప్పు ప్రభుత్వపు ‘టెలిమానస్’ సేవ, 14416 సంఖ్యతో, 2022లో వచ్చినది, తెలుగులోను మాటలాడవచ్చును. సైనికులకొరకు దాని ప్రత్యేక విభాగము 2023 డిసెంబరులో పూనాలోని సైనిక వైద్యకళాశాలలో నెలకొల్పబడినది.

ఇక కుటుంబమునకు చేరు జాబుమాట. అమెరికాలో యుద్ధభూమిలో మరణించిన సైనికుని ఇంటికి అధ్యక్షుడు సంతాపలేఖ వ్రాయుట ఆచారము. మరణము ఆత్మహత్యయని విచారణలో తేలినచో ఆ లేఖ వచ్చెడిది కాదు. ఇరాకులో కొడుకును పోగొట్టుకొన్న తలిదండ్రులు కొందరు దీనిపై ఏండ్లతరబడి విన్నవించుకొనగా, 2011 జూలైలో అధ్యక్షుడు ఒబామా ఆ యాచారమును మార్చి, ఇకమీదట వారికిని లేఖ పోవునని ప్రకటించెను. ఆ ప్రకటన యుద్ధభూమిలో జరిగిన మరణములకే వర్తించినది. యుద్ధమునుండి తిరిగివచ్చి, స్వదేశపు బ్యారక్కులో ప్రాణము తీసికొన్నవాని యిల్లు అందులో చేరలేదు.